రిలీజ్‌కు ముందు ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను వేర్వేరు బిల్డ్ ఎన్విరాన్‌మెంట్లలో పరీక్షించడం ఎలా?

"మా మెషీన్‌లో బాగానే బిల్డ్ అవుతోంది, దించుకున్నవాళ్ల దగ్గరే పగులుతోంది. ఎక్కడెక్కడ, ఏ వరసలో టెస్ట్ చేయాలి?" మాదాపూర్ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లూ అడుగుతున్నారు, అమీర్‌పేట హాస్టల్ గదుల్లో రాత్రిళ్లు సొంత ప్రాజెక్టు నడుపుకునే విద్యార్థులూ అడుగుతున్నారు. ఆ వరస ఇది.

ఉదాహరణ కోసం సీ భాషలో రాసిన ఒక చిన్న కమాండ్-లైన్ టూల్‌ను ఊహించుకుందాం. తెలుగు పదాల జాబితా ఇస్తే అకారాది క్రమంలో పేరుస్తుంది. ఎస్‌క్యూలైట్ ఉంటే ఫలితాన్ని అందులో దాచుకుంటుంది, లేకపోయినా పనిచేస్తుంది. మీ ప్రాజెక్టు రస్ట్‌లోనో పైథాన్‌లోనో ఉన్నా మెట్లు ఇవే, కమాండ్లు మారతాయి.

కమాండ్ల పేర్లు పలికే తీరులో తెలుగులో రాశాం. టెర్మినల్‌లో ఇంగ్లిషులోనే కొట్టాలని వేరే చెప్పక్కర్లేదు.

1. ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

- 8 జీబీ ర్యామ్ ఉంటే పని నడుస్తుంది, 16 జీబీ ఉంటే హాయి. డిస్కులో 40 జీబీ ఖాళీ ఉంచుకోండి. కంటైనర్ ఇమేజీలు, వర్చువల్ మెషీన్ ఫైళ్లు చూస్తుండగానే నిండిపోతాయి.
- కంటైనర్లు నడిపే పాడ్‌మ్యాన్ లేదా డాకర్. రూట్ అవసరం లేకుండా నడుస్తుంది కాబట్టి సొంత లాప్‌టాప్‌కు పాడ్‌మ్యాన్ మేలు.
- వేరే ప్రాసెసర్‌ను అనుకరించే క్యూఎము యూజర్ మోడ్, దాన్ని కెర్నల్‌కు తగిలించే బిన్‌ఫ్‌మ్ట్ ప్యాకేజీ. వేరే ప్రాసెసర్లకు ఇది కావాలి.
- రిలీజ్ కోసం విడిగా ఒక బ్రాంచ్. అందులోకి బగ్ ఫిక్సులు తప్ప కొత్త ఫీచర్ ఏదీ రాకూడదు.
- ఫలితాలు రాసుకోవడానికి ఒక ఫైలు: తేదీ, కమిట్ నంబరు, ఎన్విరాన్‌మెంట్, పాసైనవి, ఫెయిలైనవి, స్కిప్ అయినవి.

గంటల తరబడి నడిచే పనిని టీమక్స్‌లో పెట్టి, లాగ్‌ను ఫైల్లోకి మళ్లించండి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలివాన రాగానే కరెంటు పోవడం మన ఊళ్లో మామూలే. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ ఉండి తీరాలి.

2. ఎన్విరాన్‌మెంట్ల పట్టిక: ఎన్ని కాదు, ఏవి

అన్ని కలయికలూ పరీక్షిద్దామని చాలామంది ఇక్కడే మునుగుతారు. లెక్క చూడండి: 6 ఆపరేటింగ్ సిస్టమ్‌లు, 2 కంపైలర్లు, ఎస్‌క్యూలైట్ ఉన్నది, లేనిది, పాత వెర్షన్‌ది అని 3 రకాలు, షేర్డ్ లేదా స్టాటిక్, డీబగ్ లేదా రిలీజ్. 6×2×3×2×2 అంటే 144. ఒక్కోదానికి పది నిమిషాలనుకున్నా పూర్తిగా ఒక రోజు. పిండి కొద్దీ రొట్టె అన్నట్టు, మీ చేతిలో ఉన్న మెషీన్లకూ సమయానికీ తగ్గ పట్టిక వేసుకోండి.

పట్టికలో ఒక కొత్త గడి, అంటే ఒక ఎన్విరాన్‌మెంట్, చేర్చేముందు "పక్క గడి పట్టుకోని ఏ తప్పును ఇది పట్టుకుంటుంది?" అని అడగండి. జవాబు లేకపోతే చేర్చకండి. ఉబుంటు రెండు వరస వెర్షన్లు పెట్టడం కన్నా ఒక ఉబుంటు, ఒక ఆల్పైన్ పెట్టడం లాభం.

సీ ప్రాజెక్టుకు మేం సూచించే పట్టిక:

1. డెబియన్ 12, జీసీసీ 12 కంపైలర్, జీలిబ్‌సీ (సీ ప్రోగ్రాములు ఆనుకునే మూల లైబ్రరీ) 2.36: మీ ఇల్లు లాంటిది.
2. ఆల్మాలినక్స్ 8, జీసీసీ 8.5, జీలిబ్‌సీ 2.28: పాత సర్వర్ల తరఫున.
3. తాజా ఫెడోరా: కొత్త జీసీసీ చేసే గొడవలు ముందుగా తెలుస్తాయి.
4. ఆల్పైన్: జీలిబ్‌సీకి బదులు మసల్, బ్యాష్‌కు బదులు బిజీబాక్స్ షెల్.
5. క్లాంగ్, దాంతో అడ్రస్ శానిటైజర్, అన్‌డిఫైన్డ్ బిహేవియర్ శానిటైజర్: ప్రోగ్రాము నడుస్తుండగానే మెమరీ తప్పులనూ, భాష నియమాలు దాటిన చోట్లనూ పట్టేవి.
6. ఫ్రీబీఎస్‌డీ: లినక్స్ కానిది. కంటైనర్ సరిపోదు, వర్చువల్ మెషీన్ కావాలి.
7. 32 బిట్ ఐ386 కంటైనర్.
8. క్యూఎము మీద ఎస్390ఎక్స్: బైట్ల వరస తిరగబడిన బిగ్-ఎండియన్ ప్రాసెసర్.

మ్యాక్, విండోస్ కూడా పనిచేస్తాయని రీడ్‌మీలో రాసి ఉంటే వాటికీ చెరో గడి. రాయకపోతే వద్దు. పరీక్షించని సిస్టమ్ పేరు రీడ్‌మీలోంచి తీసేయడం కూడా రిలీజ్ పనే.

మొదటి ఐదూ తప్పక పాస్ కావాలి. మిగతావి ఫెయిలైతే రిలీజ్ ఆగదు గానీ రిలీజ్ నోట్సులో రాయాలి. ఈ గీత ఇప్పుడే గీయండి. రిలీజ్ రోజు రాత్రి గీస్తే అది మీ నిద్రను బట్టి జరుగుతుంది.

3. ముందు టార్‌బాల్ తయారు చేయండి, పరీక్షించేది దాన్నే

టార్‌బాల్ అంటే సోర్స్ మొత్తాన్ని ఒకే ఫైలుగా కట్టిన మూట. మొత్తం పనిలో కీలకం ఇదే. మీ గిట్ ఫోల్డర్‌లో నెలల తరబడి పోగుపడిన సరంజామా ఉంటుంది: పాత ఆబ్జెక్ట్ ఫైళ్లు, గిట్‌లో చేర్చడం మరిచిపోయిన హెడర్, ఎప్పుడో చేత్తో పెట్టుకున్న కాన్ఫిగ్. బిల్డ్ వాటి మీద ఆనుకుని నిలబడుతుంది. వాడేవాళ్ల దగ్గర ఆ ఆనుడు ఉండదు.

వరస ఇది:

1. రెపోను కొత్త ఫోల్డర్‌లోకి మళ్లీ క్లోన్ చేయండి. పాత ఫోల్డర్‌ను "శుభ్రం" చేసి వాడకండి.
2. అందులోంచే టార్‌బాల్ తీయండి. ఆటోమేక్ అయితే మేక్ డిస్ట్‌చెక్, మీసన్ అయితే మీసన్ డిస్ట్, రస్ట్ అయితే కార్గో ప్యాకేజ్.
3. టార్‌బాల్ షా256ను, అంటే ఫైలుకు వేలిముద్ర లాంటి సంఖ్యను, ఫలితాల ఫైల్లో రాయండి. ఇకనుంచి అన్ని ఎన్విరాన్‌మెంట్లలోకీ వెళ్లేది ఈ ఒక్క ఫైలే.
4. టార్‌బాల్‌ను విప్పి, గిట్ ట్యాగ్‌లో ఉన్న ఫైళ్లతో డిఫ్ చూడండి.

మేక్ డిస్ట్‌చెక్ చేసే పని చాలామంది అనుకునేదానికన్నా ఎక్కువ. టార్‌బాల్ కట్టి, విప్పి, సోర్స్ ఫోల్డర్‌ను రాయడానికి వీల్లేకుండా చేసి, వేరే ఫోల్డర్‌లో బిల్డ్ చేస్తుంది. టెస్టులు నడిపి, తాత్కాలిక చోట ఇన్‌స్టాల్, అన్‌ఇన్‌స్టాల్ చేసి, ఏమైనా మిగిలిపోయాయేమో చూస్తుంది. సోర్స్ ఫోల్డర్‌లో ఫైలు రాసే టెస్టు మీకు ఒక్కటున్నా ఇక్కడే దొరికిపోతుంది.

నాలుగో మెట్టును దాటేయకండి. డిఫ్‌లో కనిపించే ప్రతి ఫైలుకూ "ఇది ఎందుకుంది" అని చెప్పగలగాలి. ఆటోటూల్స్ తయారుచేసిన కాన్ఫిగర్ స్క్రిప్టు గిట్‌లో లేకుండా టార్‌బాల్‌లో ఉండటం మామూలే. కానీ 2024లో ఎక్స్‌జెడ్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగచాటు కోడ్‌ను పనిచేయించిన ఎం4 స్క్రిప్టు సరిగ్గా అలాగే గిట్‌లో లేకుండా టార్‌బాల్‌లో మాత్రమే ఉంది.

ఇక్కడ తరచూ దొర్లే తప్పులు:

- సబ్‌మాడ్యూళ్లు: గిట్ ఆర్కైవ్ వాటిని టార్‌బాల్‌లో చేర్చదు. గిట్‌హబ్ తనంతట తాను చూపించే సోర్స్ ఫైలులోనూ ఉండవు. విడిగా కలపాలి, లేదా సొంత టార్‌బాల్ ఎక్కించాలి.
- వెర్షన్ నంబర్‌ను గిట్ డిస్క్రైబ్ నుంచి తీసుకోవడం: టార్‌బాల్‌లో గిట్ ఉండదు, కాబట్టి వెర్షన్ ఖాళీగా వస్తుంది. టార్‌బాల్ కట్టేటప్పుడే నంబర్‌ను ఒక ఫైల్లో రాసిపెట్టండి.
- టైమ్‌స్టాంపులు: కాన్ఫిగర్ కన్నా దాని మూలమైన ఫైలు కొత్తదిగా కనిపిస్తే మేక్ దాన్ని మళ్లీ తయారు చేయబోతుంది. "ఏక్‌లోకల్ మీ సిస్టమ్‌లో లేదు" అన్న హెచ్చరిక చాలావరకు దీనివల్లే.

4. ఖాళీ కంటైనర్‌లో మొదటి బిల్డ్

డెబియన్ స్లిమ్ ఇమేజ్‌తో మొదలుపెట్టండి. అందులో కంపైలర్ కూడా ఉండదు, మనకు కావాల్సిందీ అదే.

1. రీడ్‌మీలో రాసిన ప్యాకేజీలు మాత్రమే ఇన్‌స్టాల్ చేయండి. గుర్తున్నవి కాదు, రాసినవి.
2. మామూలు యూజర్‌ను సృష్టించి దానిలోకి మారండి.
3. కంటైనర్‌ను ఒక ఇమేజ్‌గా దాచి, నెట్‌వర్క్ ఆప్షన్‌ను "నన్" అని ఇచ్చి మళ్లీ తెరవండి.
4. టార్‌బాల్ విప్పి బిల్డ్, టెస్ట్, ఇన్‌స్టాల్ చేయండి.

రెండో మెట్టు ఎందుకంటే, కంటైనర్‌లో మామూలుగా మీరే రూట్. "ఈ ఫైలు చదవడానికి అనుమతి లేకపోతే టూల్ సరిగా ఎర్రర్ ఇస్తుందా" అని చూసే టెస్టు రూట్‌గా నడిపితే ఫెయిలవుతుంది, ఎందుకంటే రూట్‌కు చదవలేని ఫైలు లేదు. తప్పు కోడ్‌ది కాదు.

మూడో మెట్టులో నెట్ లేకపోవడం వల్ల, బిల్డ్ మధ్యలో గుట్టుగా ఏదైనా దించుకునే స్క్రిప్టు బయటపడుతుంది. డెబియన్, ఫెడోరా లాంటి డిస్ట్రిబ్యూషన్ల బిల్డ్ సర్వర్లలో నెట్ ఉండదు. మీ దగ్గర ఫైబర్ ఉంది కాబట్టి మీకు తెలియదు.

మరో రెండు చిట్కాలు. బిల్డ్ ఫోల్డర్ పేరులో ఖాళీ పెట్టండి, వీలైతే "కొత్త బిల్డ్" అని తెలుగులోనే పెట్టండి. కోట్స్ మరిచిపోయిన షెల్ స్క్రిప్టు వెంటనే కుదేలవుతుంది. రెండోది, సమాంతర బిల్డ్: జీఎన్‌యూ మేక్ 4.4 నుంచి షఫుల్ ఆప్షన్ ఉంది, పనుల వరసను కలగలిపి నడుపుతుంది. మేక్‌ఫైల్లో రాయడం మరిచిపోయిన డిపెండెన్సీ, పది పరుగుల్లో ఒకసారి మాత్రమే కనిపించే రకం, దీంతో తేలిగ్గా చిక్కుతుంది.

5. పట్టికలో ఒక్కో గడి

ఇంట గెలిచాం, ఇక రచ్చ. తేలికైనవి ముందు, నెమ్మదివి తర్వాత. క్యూఎము పరుగును పెద్ద ప్రాజెక్టు మీద మొదలుపెట్టి ఉప్పల్‌లో మెట్రో ఎక్కి రాయదుర్గం వెళ్లొచ్చినా అది ఇంకా నడుస్తూనే ఉండొచ్చు. అలాంటిదాన్ని మొదట్లో పెడితే చిన్న తప్పు కోసం గంటలు పోతాయి.

*5.1 కంపైలర్లు*

జీసీసీ 10 నుంచి ఒకే గ్లోబల్ వేరియబుల్‌ను హెడర్‌లో ఎక్స్‌టర్న్ లేకుండా రాస్తే "మల్టిపుల్ డెఫినిషన్" అని లింకర్ ఆపేస్తుంది. జీసీసీ 14 నుంచి, ప్రకటించని ఫంక్షన్‌ను పిలవడం హెచ్చరిక కాదు, ఎర్రరే. జీసీసీ 15లో సీ భాష డిఫాల్ట్ సీ23 అయింది. ఖాళీ బ్రాకెట్లతో ప్రకటించిన ఫంక్షన్‌కు ఆర్గ్యుమెంట్లు ఇస్తే ఒప్పుకోదు, బూల్ అన్నది కీవర్డ్ కాబట్టి ఆ పేరుతో మీరు సొంతంగా రాసుకున్న టైప్‌డెఫ్ పగులుతుంది.

జీసీసీ 14 మార్పులో కనిపించని గుంట ఒకటుంది. కాన్ఫిగర్ స్క్రిప్టు చిన్న చిన్న ప్రోగ్రాములు కంపైల్ చేసి "ఈ ఫంక్షన్ ఉందా" అని చూస్తుంది. ఆ చిన్న ప్రోగ్రాములో హెడర్ చేర్చడం మరిచిపోయి ఉంటే పాత కంపైలర్ హెచ్చరించి వదిలేసేది, కొత్తది ఎర్రర్ ఇస్తుంది. కాన్ఫిగర్ దాన్ని "ఆ ఫంక్షన్ లేదు" అని అర్థం చేసుకుంటుంది. బిల్డ్ ఆగదు, టెస్టులూ ఆగకపోవచ్చు. ఫీచర్ మాత్రం చడీచప్పుడు లేకుండా మాయమవుతుంది. అందుకే డెబియన్‌లో వచ్చిన కాన్ఫిగ్ హెడర్‌నూ ఫెడోరాలో వచ్చినదాన్నీ పక్కపక్కన పెట్టి డిఫ్ చూడాలి. తేడా ఉన్న ప్రతి గీతకూ కారణం ఉండాలి.

క్లాంగ్ గడిలో శానిటైజర్లతో పాటు ఆప్టిమైజేషన్‌ను ఓ0, ఓ2 రెండింటితోనూ నడపండి. ఒకదాంట్లో పాసై రెండోదాంట్లో ఫెయిలైతే కంపైలర్‌ను అనుమానించకండి. దాదాపు ఎప్పుడూ మీ కోడ్‌లోని అన్‌డిఫైన్డ్ బిహేవియరే.

*5.2 ఆల్పైన్, మసల్*

- కొత్త థ్రెడ్‌కు మసల్ ఇచ్చే స్టాక్ 128 కేబీ. లినక్స్‌లో జీలిబ్‌సీ మామూలుగా 8 ఎంబీ ఇస్తుంది. ఫంక్షన్ లోపల పెద్ద అర్రే పెట్టుకుంటే ఇక్కడ సెగ్‌ఫాల్ట్. అర్రేను హీప్‌లోకి మార్చండి, లేదా థ్రెడ్ సృష్టించేటప్పుడు స్టాక్ సైజు చెప్పండి.
- ఎక్జెక్‌ఇన్ఫో హెడర్, బ్యాక్‌ట్రేస్ ఫంక్షన్ ఉండవు. కాన్ఫిగర్‌లో తనిఖీ పెట్టండి.
- "మసల్ అయితే" అని కోడ్‌లో రాయడానికి మాక్రో దొరకదు, కావాలనే ఇవ్వలేదు. పేరును కాదు, ఫీచర్‌ను పరీక్షించండి.

*5.3 షెల్, మేక్, సెడ్*

డెబియన్, ఉబుంటుల్లో ఎస్‌హెచ్ అంటే డ్యాష్, ఫెడోరాలో బ్యాష్, ఆల్పైన్‌లో బిజీబాక్స్. మొదటి గీతలో ఎస్‌హెచ్ అని రాసి లోపల డబుల్ బ్రాకెట్లు, అర్రేలు వాడితే ఫెడోరాలో పాస్, డెబియన్‌లో ఫెయిల్. షెల్‌చెక్ నడిపితే నిమిషంలో తేలిపోతుంది.

ఫ్రీబీఎస్‌డీలో మేక్ అంటే బీఎస్‌డీ మేక్. మీది జీఎన్‌యూ మేక్ రాత అయితే జీమేక్ వాడమని రీడ్‌మీలో రాయండి. ఫైలును అక్కడికక్కడే మార్చే సెడ్ ఆప్షన్ బీఎస్‌డీలో, మ్యాక్‌లో మరోలా ఉంటుంది. తాత్కాలిక ఫైల్లోకి రాసి పేరు మార్చడం అన్నిచోట్లా నడుస్తుంది. మ్యాక్‌తో వచ్చే బ్యాష్ 3.2, దాని ఫైల్ సిస్టమ్ మామూలుగా పెద్ద, చిన్న అక్షరాలకు తేడా చూడదు.

*5.4 ప్రాసెసర్లు*

32 బిట్‌లో లాంగ్ 4 బైట్లు. సైజ్-టీని లాంగ్‌కు ఉద్దేశించిన ఫార్మాట్‌తో ప్రింట్ చేసిన చోట్లన్నీ హెచ్చరికలు వస్తాయి. 64 బిట్ విండోస్‌లో కూడా లాంగ్ 4 బైట్లే, ఇది మరిచిపోయేవాళ్లు ఎక్కువ. 2 జీబీ దాటిన ఫైళ్ల కోసం ఫైల్ ఆఫ్‌సెట్ బిట్స్‌ను 64గా పెట్టండి.

ఎస్390ఎక్స్‌లో పగిలేవి, ఫైలులోని నాలుగు బైట్లను నేరుగా పూర్ణాంకంలోకి కాపీ చేసిన చోట్లు. బైట్ బైట్‌గా చదివి షిఫ్ట్ చేసి కలపండి.

క్యూఎములో ఫెయిలైన ప్రతిదీ మీ తప్పు కాదు. పీట్రేస్, శానిటైజర్లు అందులో సరిగా నడవవు. అనుమానం వస్తే నిజమైన మెషీన్‌లో చూడాలి. ఫ్రీ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకు జీసీసీ కంపైల్ ఫార్మ్ రకరకాల ప్రాసెసర్ల మీద ఉచితంగా ఖాతా ఇస్తుంది. ఆర్మ్ కోసం ఒక రాస్‌బెర్రీ పై చాలు. పాత 32 బిట్ మెషీన్ కావాలంటే సికింద్రాబాద్ సీటీసీలో సెకండ్ హ్యాండ్ దుకాణాలు తిరగండి.

రిలీజ్ బైనరీలో "మార్చ్ నేటివ్" ఫ్లాగ్ ఉందేమో మరోసారి చూసుకోండి. మీ కొత్త ప్రాసెసర్‌కు తగినట్టు కంపైలైన బైనరీ పాత కంప్యూటర్ల ల్యాబ్‌లో "ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్" అని పడిపోతుంది.

6. తెలుగు అక్షరాలు, ఐదున్నర గంటలు

ఇంగ్లిష్ ప్రాజెక్టుల గైడ్లలో ఇది ఒక్క వాక్యంతో సరిపెడతారు. మనకు సరిపోదు.

"క" అన్న ఒక్క అక్షరం యూటీఎఫ్-8లో మూడు బైట్లు: 224, 176, 149. ఎక్స్86 లినక్స్‌లో క్యార్ అనే టైపుకు గుర్తు ఉంటుంది, అంటే పరిధి -128 నుంచి 127. కాబట్టి అదే "క" అక్కడ -32, -80, -107గా కనిపిస్తుంది. 256 గడుల పట్టిక పెట్టుకుని ఈ బైటునే గడి నంబరుగా వాడితే, -32వ గడిలోకి, అంటే పట్టిక బయటికి చెయ్యి పెట్టినట్టు. ఆర్మ్ లినక్స్‌లో క్యార్‌కు గుర్తు ఉండదు, అక్కడ 224వ గడే తెరుచుకుంటుంది, అంతా బాగానే ఉంటుంది. రాస్‌బెర్రీ పై మీద పాసై లాప్‌టాప్ మీద పగిలే వింత ఇదే. పరిష్కారం: బైట్లను తాకే ప్రతిచోటా అన్‌సైన్డ్ క్యార్. తనిఖీకి రెండు ప్రాసెసర్లు అక్కర్లేదు. కంపైలర్‌కు సైన్డ్-క్యార్ ఫ్లాగ్‌తో ఒకసారి, అన్‌సైన్డ్-క్యార్ ఫ్లాగ్‌తో ఒకసారి ఇచ్చి టెస్టులు నడపండి.

పొడవు లెక్కల టెస్టుకు "క్షి" మంచి నమూనా. కంటికి ఒక్క అక్షరం, యూనికోడ్‌లో నాలుగు, బైట్లలో పన్నెండు. పది బైట్ల దగ్గర పదాన్ని కత్తిరించే కోడ్ ఉంటే అక్షరం మధ్యలో తెగి చదరపు గడులు కనిపిస్తాయి.

ఇక లోకేల్, అంటే భాషనూ ప్రాంతాన్నీ బట్టి వరసక్రమం లాంటివి మార్చే సెట్టింగు. స్లిమ్ కంటైనర్‌లో తెలుగు లోకేల్ ఉండదు. సెట్‌లోకేల్ నల్ ఇస్తుంది, ప్రోగ్రాము దాన్ని పట్టించుకోకపోతే సీ లోకేల్‌లోనే నడిచిపోతుంది. టెస్ట్ పాస్ అంటుంది, తెలుగు వరసక్రమం మాత్రం ఒక్కసారీ పరీక్షకు రాలేదు. డెబియన్‌లో లోకేల్స్ ప్యాకేజీ పెట్టి తెలుగును జెనరేట్ చేయండి. లోకేల్ దొరక్కపోతే టెస్టు ఆగి చెప్పేలా రాయండి. మసల్‌లో అదీ కుదరదు. అక్కడ స్ట్ర్‌కోల్ అంటే మామూలు బైట్ పోలికే, అందుకని "ఱ" యూనికోడ్ నంబరు ప్రకారం "ర" పక్కనే వచ్చి కూర్చుంటుంది, మన నిఘంటువుల్లోలా చివరికి పోదు. అకారాది క్రమమే మీ టూల్ పని అయితే సీ లైబ్రరీని నమ్ముకోకుండా ఐసీయూ అనే యూనికోడ్ లైబ్రరీ వాడండి, లేదా సొంత పట్టిక రాసుకోండి.

సమయం. సీఐ సర్వర్లు (కమిట్ చేసినప్పుడల్లా బిల్డ్, టెస్టులు తమంతట తామే నడిపేవి) యూటీసీలో నడుస్తాయి, మనం దానికి 5:30 గంటలు ముందు. అర్ధరాత్రి నుంచి ఉదయం 5:30 దాకా మన తేదీ ఒకటి, సర్వర్ తేదీ నిన్నటిది. కొండాపూర్‌లో రాత్రి ఒంటిగంటకు రిలీజ్ చేస్తే ఛేంజ్‌లాగ్‌లో ఒక తేదీ, సర్వర్ కట్టిన ప్యాకేజీలో మరో తేదీ. సోర్స్ డేట్ ఎపాక్ అనే వేరియబుల్‌ను చివరి కమిట్ సమయానికి పెట్టి, తేదీని యూటీసీలోనే ముద్రిస్తే గొడవ ఉండదు. సమయం తాకే టెస్టులను మూడు టైమ్‌జోన్లలో నడపండి: యూటీసీ, ఏషియా/కోల్‌కతా, అమెరికా/న్యూయార్క్. మొదటిది సర్వర్ కోసం. రెండోది, తేడా ఎప్పుడూ పూర్తి గంటల్లోనే ఉంటుందనుకునే కోడ్ కోసం. మూడోది ఏటా గడియారం ముందుకీ వెనక్కీ జరిగే చోటు కోసం.

7. "అన్నీ పాస్" అంటే నిజంగా నడిచాయా?

పచ్చరంగును నమ్మేముందు నాలుగు చూడండి.

- సంఖ్య: ఆల్పైన్‌లో నడిచిన టెస్టులెన్ని, డెబియన్‌లో ఎన్ని? 212, 212 ఉండాల్సిన చోట 212, 140 ఉంటే ఏదో జారిపోయింది.
- స్కిప్‌లు: ఆటోమేక్‌లో 77 అనే ఎగ్జిట్ కోడ్ అంటే స్కిప్. పైథాన్ లేకపోతే స్కిప్, ఎస్‌క్యూలైట్ లేకపోతే స్కిప్ అనుకుంటూ పోతే చివరికి మిగిలేది వెర్షన్ చూపించే టెస్టే.
- సున్నా టెస్టులు: సీటెస్ట్‌కు టెస్టులేవీ దొరక్కపోతే ఆ మాట చెప్తుంది గానీ మామూలుగా విజయంగానే ముగుస్తుంది. "టెస్టులు లేకపోతే ఎర్రర్" అనే ఆప్షన్ ఇవ్వండి.
- అసర్ట్‌లు: సీమేక్‌లో రిలీజ్ రకం బిల్డ్ ఎన్‌డీబగ్‌ను ఆన్ చేస్తుంది, దాంతో అసర్ట్‌లన్నీ మాయం. మీ టెస్టులు అసర్ట్‌తో రాసి ఉంటే అవి ఖాళీగా నడిచి పాసవుతాయి. రెల్‌విత్‌డెబ్‌ఇన్ఫోలో కూడా అంతే.

చివరిదానికి తేలికైన తనిఖీ ఉంది. ఒక టెస్టులో కావాలనే "1 అంటే 2" అని అసర్ట్ రాసి ప్రతి ఎన్విరాన్‌మెంట్‌లోనూ నడపండి. అది ఎర్రబడకపోతే మిగతా పచ్చదనానికి విలువ లేదు.

8. ఇన్‌స్టాల్, పాత వెర్షన్ మీద కొత్తది

బిల్డ్ ఫోల్డర్‌లో పనిచేసిన టూల్ ఇన్‌స్టాల్ అయ్యాక డేటా ఫైలు దొరక్క ఆగిపోవచ్చు. డెస్ట్‌డిర్‌తో వేరే ఫోల్డర్ ఇచ్చి అందులోకి ఇన్‌స్టాల్ చేసి, సోర్స్, బిల్డ్ ఫోల్డర్లు రెండింటినీ తుడిచేసి, అప్పుడు నడపండి.

లైబ్రరీ అయితే పాత రిలీజ్‌తో కంపైలైన ప్రోగ్రామును కొత్త లైబ్రరీతో నడపండి, ఏబీఐడిఫ్‌తో రెండు షేర్డ్ ఫైళ్లనూ పోల్చండి. ఫంక్షన్ పోయినా, స్ట్రక్చర్ సైజు మారినా సోనేమ్ (షేర్డ్ లైబ్రరీ పేరులోని వెర్షన్ నంబరు) పెంచాలి.

బైనరీలు కూడా పంచుతుంటే వాటిని పట్టికలోని పాత సిస్టమ్ మీదే కట్టండి. కొత్త జీలిబ్‌సీతో కట్టింది పాతదాంట్లో నడవదు, పాతదాంతో కట్టింది కొత్తదాంట్లో నడుస్తుంది.

9. ఎర్రర్, కారణం, మందు

- "జీలిబ్‌సీ 2.34 వెర్షన్ దొరకలేదు": కొత్త సిస్టమ్‌లో కట్టిన బైనరీ. ఆల్మాలినక్స్ 8లో మళ్లీ కట్టండి.
- పీథ్రెడ్ ఫంక్షన్లకు "అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్", పాత సిస్టమ్‌లో మాత్రమే: జీలిబ్‌సీ 2.34లో పీథ్రెడ్‌ను ప్రధాన లైబ్రరీలో కలిపేశారు, అందుకే కొత్తచోట ఫ్లాగ్ మరిచినా తెలియదు. పీథ్రెడ్ ఫ్లాగ్ చేర్చండి.
- గణిత ఫంక్షన్లకు అదే ఎర్రర్, ఉబుంటులో: లైబ్రరీని ఆబ్జెక్ట్ ఫైళ్లకు ముందు రాశారు. వాటి తర్వాత రాయండి.
- "సీమేక్ 3.5 కన్నా పాతదానితో పొంతన తీసేశాం": సీమేక్ 4.0 నుంచి ఇంతే. కనీస వెర్షన్ గీతను పెంచండి.
- "కిల్డ్, సీసీ1ప్లస్": మెమరీ చాలలేదు. 8 జీబీ మెషీన్‌లో సీ++ కోడ్‌ను ఎనిమిది పనులుగా నడిపితే ఇంతే. సమాంతర పనులను రెండుకో మూడుకో తగ్గించండి.
- షేర్డ్ మెమరీ టెస్టు డాకర్‌లో మాత్రమే ఫెయిల్: అందులో దానికి మామూలుగా దొరికేది 64 ఎంబీ. కంటైనర్ తెరిచేటప్పుడు పెంచండి.

ఒకసారి పాసై ఒకసారి ఫెయిలయ్యే టెస్టును "మళ్లీ నడిపితే పోయింది" అని వదలకండి. అదే టెస్టును వంద సార్లు నడిపి ఎన్ని సార్లు పడిందో రాయండి. ఫిక్స్ తర్వాత మళ్లీ వంద సార్లు. సీఐలో "లేటెస్ట్" అని రాసిన ఇమేజ్ పేర్లను కచ్చితమైన వెర్షన్లుగా మార్చండి, లేకపోతే నిన్న పాసైంది ఈరోజు ఎందుకు పడిందో తెలియక మీ కోడ్‌ను అనుమానిస్తూ కూర్చుంటారు.

10. ఆర్‌సీ నుంచి రిలీజ్ దాకా

రిలీజ్‌కు పది రోజుల ముందు ఆర్‌సీ1, అంటే మొదటి రిలీజ్ క్యాండిడేట్, వదలండి. గిట్ ట్యాగ్‌లో టిల్డా గుర్తు పెట్టనివ్వదు కాబట్టి అక్కడ 1.4.0-ఆర్‌సీ1 అని రాయండి. డెబియన్, ఆర్‌పీఎం ప్యాకేజీల్లో మాత్రం 1.4.0~ఆర్‌సీ1 అని టిల్డాతోనే రాయాలి. అప్పుడే అది 1.4.0 కన్నా పాతదిగా లెక్కకొస్తుంది.

ఆర్‌సీ తర్వాత ఒక్క గీత మారినా కొత్త టార్‌బాల్, కొత్త షా256, మొదటి ఐదు గడులూ మళ్లీ. "కామెంటే కదా మార్చింది" అనే మాట దగ్గరే చాలా రిలీజ్‌లు జారిపడతాయి.

చివరి రోజు చేయాల్సినవి:

- [ ] ట్యాగ్, టార్‌బాల్ లోపలి వెర్షన్, ఛేంజ్‌లాగ్: మూడింట్లో ఒకే నంబరు
- [ ] టార్‌బాల్‌కూ గిట్‌కూ డిఫ్ చూశాం, ప్రతి తేడాకూ కారణం ఉంది
- [ ] మొదటి ఐదు గడులు పాస్, టెస్టుల సంఖ్య అన్నిచోట్లా సరిపోయింది
- [ ] మిగతా గడుల్లో ఫెయిలైనవి రిలీజ్ నోట్సులో ఉన్నాయి
- [ ] తెలుగు లోకేల్‌లో, మూడు టైమ్‌జోన్లలో నడిపాం
- [ ] ఇన్‌స్టాల్ చేసి, సోర్స్ తుడిచేసి, నడిపి చూశాం
- [ ] జీపీజీ సంతకం, షా256 ఫైలు తయారు

ఎక్కించాక లాప్‌టాప్‌ను వైఫై నుంచి ఫోన్ హాట్‌స్పాట్‌కు మార్చి, లాగిన్ లేని బ్రౌజర్ నుంచి పబ్లిక్ లింకు నొక్కి టార్‌బాల్ దించండి. షా256 మీరు మొదట రాసుకున్నదానితో సరిపోవాలి. దాన్ని కొత్త ఆల్పైన్ కంటైనర్‌లో విప్పి, రీడ్‌మీలో ఉన్న కమాండ్లనే వరసగా కాపీ చేసి నడపండి. అది పాసయ్యాకే ప్రకటన పోస్ట్ చేయండి.